క్యాంపర్ వ్యాన్‌లో మడత పడక: నీటి లీకేజీని అరికట్టి, చివికిన చెక్కను బాగుచేసుకునే విధానం

ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ వంటి వాహనాలను క్యాంపర్‌లుగా, అంటే లోపలే పడుకునే వీలున్న బండ్లుగా, మార్పించుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం, అరకు, అనంతగిరి వైపు కుటుంబంతో వెళ్లివచ్చేవారికి, రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి తప్పక ఎదురయ్యే సమస్య మడత పడకది. పగలు గోడకు ఆనించి నిలబెట్టి, రాత్రి కిందికి దించుకునే ఈ పడక వాహనపు పక్కగోడకు బందులతో (హింజ్‌లతో) బిగించి ఉంటుంది కనుక, ఆ గోడలోకి ఎక్కడి నుంచి నీరు దిగినా చివరికి చేరేది దాని చట్రంలోకే. ప్లైవుడ్ అంచు ఉబ్బడం, బందుల స్క్రూలు వదులై పడక ఒక పక్కకు ఒరగడం, పరుపు ఎత్తగానే ముక్కిపోయిన వాసన రావడం, పడక కింది మూలల్లో నల్లటి మరకలు కనిపించడం, ఇవన్నీ ఒకే వ్యాధికి లక్షణాలు.

సాధారణంగా జరిగేది ఏమిటంటే, వడ్రంగిని పిలిచి, చివికిన పలకను తీయించి, కొత్త పలక వేయించి, పని అయిందనుకోవడం. నీరు వచ్చే దారి తెరిచే ఉంటుంది కాబట్టి కొత్త పలక కూడా అదే చోట, అదే తీరున చివుకుతుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో సగభాగం చెక్క గురించి కాక నీటి గురించే ఉంటుంది. ముందు నీటి దారిని కనిపెట్టాలి, తర్వాత దాన్ని మూయాలి, తర్వాత లోపలి తేమను పూర్తిగా ఆరనివ్వాలి, ఆ పైనే ఉలి చేతపట్టాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి ముందువెనుకలైనా శ్రమ వృథా అవుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి

హైదరాబాద్‌లో ఏడాది వర్షపాతంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురుస్తుంది. అయితే 2020 అక్టోబరు రెండోవారంలో నగరాన్ని ముంచెత్తిన వానలను గుర్తుంచుకుంటే, దసరా వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండే వీలులేదని తెలుస్తుంది. పనికి అన్నిటికన్నా అనువైన కాలం మార్చి మొదలుకొని మే నెల మధ్య వరకు. అప్పుడు గాలిలో తేమ తక్కువగా ఉండి చెక్క త్వరగా ఆరుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా వాయిదా వేస్తే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), సీలెంట్ (సందులు మూసే ముద్ద)లతో పనిచేయడం కష్టమవుతుంది, మృగశిర కార్తె వానలు కూడా దగ్గరపడతాయి. లోపం వానాకాలంలో బయటపడితే, ఆ నాలుగు నెలలు తాత్కాలికంగా పైన టార్పాలిన్ కప్పి, పడకను విప్పి ఇంట్లో నిలబెట్టి, శాశ్వతమైన మరమ్మతును ఎండలు వచ్చేవరకు ఆపడమే మేలని నా అభిప్రాయం. తడి గోడ మీద కొత్త చెక్క బిగించడం కన్నా ఆరు నెలలు పడక లేకుండా ఉండటం నయం.

పడకను విప్పడం

మొదట వాహనపు బ్యాటరీని, ఇంటి అవసరాలకు పెట్టుకున్న రెండో బ్యాటరీని, సోలార్ ప్యానెల్ తీగను విడదీయండి. గ్యాస్ సిలిండర్‌ను బయట పెట్టండి. పడక వెనుక గోడలో దీపాలకు, ఛార్జింగ్ పాయింట్లకు తీగలు పోయి ఉంటాయి కనుక ఏ ప్యానెల్‌నూ బలవంతంగా లాగవద్దు. విప్పే ప్రతి దశనూ ఫొటో తీసి, ప్రతి బందుకు, ప్రతి స్క్రూ సంచికి అంకె వేసిన చీటీ అంటించండి.

పడకకు గ్యాస్ స్ట్రట్‌లు, అంటే దాని బరువును ఆపే వాయు గొట్టాలు, ఉంటే ప్రత్యేక జాగ్రత్త అవసరం. వాటిలో అధిక పీడనంతో వాయువు నింపి ఉంటుంది. నొక్కుకుపోయిన స్థితిలో ఉన్న స్ట్రట్‌ను విడదీస్తే అది ఎదురుగా ఉన్న మనిషిని గాయపరచగల వేగంతో సాగుతుంది. పడకను స్ట్రట్ పూర్తిగా సాగే స్థితికి తెచ్చి, కింద గట్టి ఆధారం పెట్టి, ఇద్దరు మనుషులు ఉన్నప్పుడు మాత్రమే దాన్ని తీయాలి. స్ట్రట్‌కు రంధ్రం చేయడం గానీ, వేడి తగిలించడం గానీ ఎన్నడూ చేయకూడదు. బూజు పట్టిన పలకలను కదిలించేటప్పుడు ముక్కుకు ఎన్95 మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పరుపును అప్పుడే పరీక్షించుకోండి. ఫోమ్ పైభాగం మాత్రమే చెమ్మగిలి ఉంటే ఎండలో నిలబెట్టి ఆరబెట్టవచ్చు. తొడుగు విప్పి చూసినప్పుడు లోపల నల్లటి చుక్కలు కనిపిస్తే పారవేయడమే మంచిది, ఎందుకంటే ఫోమ్ లోపలికి చొచ్చుకుపోయిన బూజును ఇంట్లో శుభ్రం చేసే మార్గం లేదు.

నీరు ఎక్కడి నుంచి వస్తోంది

ఈ దశకు ఒక రోజంతా కేటాయించండి. నీరు లోపలికి చొరబడిన చోటు, అది కంటికి కనబడిన చోటు దాదాపు ఎప్పుడూ వేరువేరుగా ఉంటాయి. పైకప్పు మీద ముందుభాగంలో ఉన్న ఒక బోల్టు పక్క నుంచి దిగిన నీరు, పైకప్పు లోపలి ఇనుప పట్టీ వెంట పక్కకు పాకి, గోడ నిలువు కమ్మీ వెంట కిందికి జారి, ఎక్కడో వెనుక ఉన్న పడక బందుల దగ్గర బయటపడుతుంది. వాహనం ముందువైపు ఎత్తుగా నిలిపితే ఒక చోట, వెనుకవైపు ఎత్తుగా నిలిపితే మరో చోట తడి కనిపించడానికి కారణం ఇదే.

అయితే కనబడిన నీరంతా లీకేజీ కాదు. కిటికీలు మూసుకుని ఇద్దరు ముగ్గురు పడుకున్నప్పుడు శ్వాసలోని ఆవిరి చల్లని లోహపు గోడ మీద నీటిబొట్లుగా మారి పడక వెనకకు కారుతుంది. లోపల వంట చేస్తే ఇది మరింత పెరుగుతుంది. ఒక కిలో ఎల్పీజీ మండితే దాదాపు ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అరకులో చలికాలం గడిపి వచ్చిన వాహనంలో, ఒక్క వాన కూడా పడకుండానే, పడక వెనుక బూజు కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఈ రెండింటినీ వేరుచేసే సులువైన పరీక్ష ఒకటుంది. అనుమానం ఉన్న చోట గోడను తుడిచి ఆరబెట్టి, అరచేయంత అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రాత్రులు వదిలేయండి. ఫాయిల్ పైన, అంటే మీకు కనబడే వైపున, తడి ఉంటే అది గదిలోని ఆవిరి నుంచి వచ్చింది. ఫాయిల్ వెనుక తడి ఉంటే అది గోడలోంచి వస్తోంది. పైకప్పు మీద ఏసీ ఉన్న వాహనాల్లో మూడో అవకాశం కూడా ఉంది: ఏసీ నీరు బయటికి పోయే గొట్టం దుమ్ముతో పూడుకుపోతే ఆ నీరు లోపలికే దిగుతుంది, అది ఏసీ నడిచినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

లీకేజీయేనని తేలాక గొట్టంతో నీటి పరీక్ష చేయాలి. ఒకరు లోపల టార్చి పట్టుకుని ఉండాలి, ఇంకొకరు బయట తోటకు నీళ్లు పట్టే గొట్టంతో, పలుచని ధారగా, వాన పడినంత మెల్లగా నీరు పోయాలి. వాషింగ్ సెంటర్‌లో వాడే ప్రెషర్ పంపును ఈ పరీక్షకు వాడకూడదు; ఆ ఒత్తిడికి బాగున్న అతుకుల నుంచి కూడా నీరు చొరబడి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. నీరు పోయడం ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. ముందు కిటికీ కింది అంచు, తర్వాత కిటికీ పక్కలు, తర్వాత పై అంచు, తర్వాత మార్కర్ లైట్లు, తర్వాత పైకప్పు అంచున ఉండే నీటి కాలువ, చివరగా పైకప్పు మీది రూఫ్ వెంట్ (గాలి ఆడే మూత), క్యారియర్ బోల్టులు, సోలార్ ప్యానెల్ కాళ్లు. పై నుంచి మొదలుపెడితే కారే నీరు అన్నిటినీ ఒకేసారి తడిపేస్తుంది, ఏది లీకవుతోందో తేలదు. ఒక్కో చోట పది నిమిషాలు పోసి, ఇంకో పది నిమిషాలు ఆగండి, ఎందుకంటే లోపలి దారి పొడవైతే నీరు బయటపడటానికి అంత సమయం పడుతుంది. లోపలి కమ్మీలకు టిష్యూ కాగితం అంటించి పెడితే తొలి చుక్క ఎక్కడ పడిందో అదే చెబుతుంది. లీకైన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, మిగతావాటిని కూడా పరీక్షించండి. ఒక రంధ్రం దొరికిందని ఆగిపోవద్దు.

మన నగరంలో ఎత్తు ఎక్కువైన వాహనాలు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పట్టవు కనుక చాలావరకు రోడ్డు పక్క చెట్ల కిందే ఉంటాయి. రాలిన ఆకులు, పూత పైకప్పు కాలువలో చేరి కుళ్లి, అక్కడే నీటిని నిలవబెడతాయి. కాలువ పూడుకుపోతే నీరు అంచు దాటి కిటికీ రబ్బరు బీడింగ్ వెనక్కు వెళుతుంది. కొన్నిసార్లు మొత్తం లోపం ఇదే అయి ఉంటుంది, శుభ్రం చేయగానే తీరిపోతుంది.

లీకేజీని మూయడం

పాత సీలెంట్ మీద కొత్త సీలెంట్ పూయడం వల్ల ప్రయోజనం లేదు. పాతదాన్ని ప్లాస్టిక్ గీకుడు పలకతో పూర్తిగా తొలగించి, మిగిలిన జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. పాత సిలికాన్ పొర ఏ మాత్రం మిగిలినా దాని మీద ఏదీ గట్టిగా అంటదు. తుప్పు కనిపిస్తే మెరిసే లోహం బయటపడేవరకు గీకి, ఎపాక్సీ ప్రైమర్, ఆపై రంగు వేసి ఆరిన తర్వాతే సీలెంట్ వాడాలి.

ఏ సీలెంట్ వాడాలన్నది లోహం ఎంత కదులుతుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మూడు మీటర్ల ఉక్కు రేకు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవున్న అల్యూమినియం రేకు దాదాపు 2.8 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండలో నిలిపిన వాహనపు పైకప్పు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నానికి అంతకన్నా ఎక్కువే వేడెక్కుతుంది, రాత్రికి మళ్లీ కుంచించుకుపోతుంది. అందుకే హార్డ్‌వేర్ దుకాణాల్లో అందరూ కొనే ఎపాక్సీ పుట్టీ ముద్ద నీళ్ల పైపులకు ఎంత బాగా పనిచేసినా, పైకప్పు అతుకులకు పనికిరాదు. రాయిలా గట్టిపడి, రేకు కదిలినప్పుడల్లా అంచున చీలుతుంది.

బోల్టులతో బిగించే ఫ్లాంజ్‌ల (చదును అంచుల) కింద, అంటే రూఫ్ వెంట్, మార్కర్ లైట్, క్యారియర్ కాలు వంటి వాటి కింద, బ్యూటైల్ టేపు వాడండి. అది ఎప్పటికీ మెత్తగానే ఉండి, రేకుతో పాటు కదులుతుంది. బోల్టులను ఒక పక్క నుంచి వరుసగా కాక ఎదురెదురు మూలలుగా బిగించి, రెండు మూడు రోజుల తర్వాత టేపు నలిగి సర్దుకున్నాక మరోసారి బిగించాలి. రేకు అతుకులకు వాహనాల బాడీకి వాడే పాలీయురేథేన్ సీలెంట్ బలమైనది, కానీ నేరుగా ఎండ తగిలే చోట కాలక్రమంలో పొడిబారుతుంది. పైకప్పు మీద బయటికి కనబడే గీతలకు ఎండను తట్టుకునే ఎంఎస్ పాలిమర్ సీలెంట్ మేలు. వెనిగర్ వాసన వచ్చే చౌక సిలికాన్ గట్టిపడేటప్పుడు ఆమ్లాన్ని విడుదల చేసి లోహాన్ని తుప్పు పట్టిస్తుంది కనుక దాన్ని వాహనానికి వాడనే వద్దు. కిటికీ రబ్బరు బీడింగ్ గోటితో నొక్కితే మెత్తగా దిగకుండా గట్టిపడి ఉంటే, దాన్ని సీలెంట్‌తో అతికించే ప్రయత్నం మాని కొత్తది వేయించండి.

ఈ పనిని రేకు చల్లగా ఉండే ఉదయపు వేళ చేయాలి. సీలెంట్ డబ్బా మీద రాసిన ఆరే సమయం పూర్తిగా గడిచాక అదే గొట్టంతో, అదే క్రమంలో మళ్లీ నీటి పరీక్ష చేయండి. ఈ పరీక్షలో నెగ్గేవరకు చెక్క పని మొదలుపెట్టవద్దు.

చివుకు ఎంతవరకు పాకింది

చెక్కను తినేది నీరు కాదు, నీటిని ఆధారం చేసుకుని పెరిగే శిలీంధ్రం. చెక్కలో తేమ 20 శాతానికి తక్కువగా ఉంటే అది పెరగలేదు; 28, 30 శాతం దాటాక బాగా విజృంభిస్తుంది. రెండు సూదుల తేమ మీటరు రాణీగంజ్ వంటి చోట పనిముట్ల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. ప్లైవుడ్‌లోని జిగురు వల్ల మీటరు అంకెలో కొంత తేడా రావచ్చు కనుక, అదే పడకలో నిశ్చయంగా పొడిగా ఉన్న చోట ఒకసారి కొలిచి, దానితో పోల్చుకుంటూ చదవండి.

మీటరు తర్వాత స్క్రూడ్రైవర్. దాని పిడితో పలక మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. బాగున్న చెక్క ఖంగుమంటుంది, చివికినది మొద్దుగా పలుకుతుంది. తర్వాత మొనను చెక్కలోకి వాలుగా గుచ్చి పైకి ఎత్తండి. ఆరోగ్యంగా ఉన్న చెక్క పొడవైన పేడుగా చీలుతుంది. చివికిన చెక్క చప్పుడు లేకుండా పొట్టిగా విరుగుతుంది. గోధుమ రంగులోకి మారి చదరపు బిళ్లల్లా పగుళ్లు వారినా, తెల్లబడి పీచుపీచుగా ఊడివస్తున్నా రెండూ చివుకే. అయితే పైన బూజు మాత్రమే పట్టి కింది చెక్క గట్టిగా ఉంటే అది చివుకు కాదు. సబ్బునీటితో తుడిచి ఆరబెడితే చాలు. బ్లీచింగ్ ద్రావణం పోయడం అలవాటు కొందరికి ఉంది, కానీ అందులో అధికభాగం నీరే కనుక చెక్కను మళ్లీ తడిపినట్టే అవుతుంది.

బందుల వరుస, కాళ్లు ఆనే మూలలు, గొళ్లెం దగ్గరి భాగం, పడక నిలబెట్టినప్పుడు కిందికి వచ్చే అంచు, ఈ నాలుగింటినీ మరింత శ్రద్ధగా చూడాలి. పడకను మాత్రమే చూసి వదలకండి. బందులు బిగించిన గోడ లోపలి చెక్క పట్టీ పడక కన్నా ముందే చివికి ఉంటుంది. చివుకు కంటికి కనబడే హద్దుకు కనీసం 15 సెంటీమీటర్ల అవతల వరకు పెన్సిల్‌తో గీత గీయండి. శిలీంధ్రపు పోగులు అంతవరకు పాకి ఉండవచ్చు. పనిలో పనిగా చెదలు మట్టి గూళ్లు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడండి.

ఆరబెట్టడం

గోడ లోపలి గ్లాస్ ఊల్ తడిసి ఉంటే తీసి పారవేయండి. మూసిన గోడలో అది ఆరదు. గోడను తెరిచే ఉంచి ఫ్యాను పెట్టండి. పడక పలకలను నీడలో, గాలి రెండు వైపులా ఆడేలా, చెక్క ముక్కల మీద అంచుపై నిలబెట్టండి. నడి ఎండలో పడేస్తే త్వరగా ఆరుతుందని తోస్తుంది గానీ, ఒక వైపు ముందుగా ఆరి ప్లై వంకర తిరుగుతుంది, పొరలు విడిపోతాయి. హీట్ గన్‌తోనూ ఇదే ముప్పు.

మీటరు లేనివారు తూకంతో తెలుసుకోవచ్చు. ఒక చిన్న పలకను ప్రతి రెండు రోజులకోసారి తూచి రాసుకుంటూ పోతే, తరిగే బరువు క్రమంగా తగ్గి ఒక చోట నిలిచిపోతుంది. వరుసగా మూడు తూకాలు ఒకేలా ఉంటే ఆ వాతావరణంలో ఆరగలిగినంత ఆరినట్టే. మీటరు ఉన్నవారు 15 శాతానికి దిగేవరకు ఆగాలి. వేసవిలో కూడా ఇందుకు కొన్ని వారాలు పట్టవచ్చు, ఇక్కడ తొందర కూడదు. తడి చెక్క మీద ఎపాక్సీ, రంగు పూస్తే లోపలి తేమను లోపలే బంధించి చివుకును పెంచి పోషించినట్టవుతుంది.

ఏది ఉంచాలి, ఏది అతకాలి, ఏది మార్చాలి

మందంలో పావువంతుకు మించని పైపై చివుకు, బరువు పడని చోట ఉంటే, ఉంచి గట్టిపరచవచ్చు. చట్రంలో ఒకచోట మాత్రమే చివికితే అతకవచ్చు. బందుల వరుసలో, కాళ్ల మూలల్లో చివికినా, ప్లై పొరలు విడిపోయినా మార్చవలసిందే. ఈ చివరి విషయంలో నేను ఎటువంటి రాజీకీ ఒప్పుకోను. మనుషులు పడుకునే పడక అది. వాహనం నడుస్తున్నంతసేపూ నిలబెట్టిన పడక బరువంతా ఊగుతూ ఉండేది ఆ బందుల మీదే. ఎపాక్సీ నింపిన చివికిన చెక్క పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ, స్క్రూను పట్టి ఉంచే పీచు అందులో ఉండదు.

గట్టిపరచే చోట మెత్తని భాగాన్ని ఉలితో తొలగించి, 3 మిల్లీమీటర్ల డ్రిల్‌తో రెండేసి సెంటీమీటర్ల దూరంలో వాలుగా రంధ్రాలు వేసి, పలుచగా పారే రకం ఎపాక్సీని అవి ఇక తాగవు అనేవరకు పోయాలి. చిక్కని ఎపాక్సీలో ఎసిటోన్ కలిపి పలుచన చేయడం వద్దు. ఆ ద్రావకం లోపల చిక్కుకుని బలాన్ని తగ్గిస్తుంది.

అతికే చోట చట్రపు కర్రలను అడ్డంగా కోసి ఎదురెదురుగా పెడితే అతుకు నిలవదు. రెండు కొసలనూ మందానికి ఎనిమిది రెట్ల పొడవున ఏటవాలుగా చెక్కి, ఒకదానిపై ఒకటి ఆనించి అతకాలి. 25 మిల్లీమీటర్ల కర్రకు వాలు పొడవు 200 మిల్లీమీటర్లు. రెండు ముఖాలకూ ముందు మామూలు ఎపాక్సీ పూసి, అది ఇంకాక, సన్నని చెక్క పొడి లేదా సిలికా పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో అతికించి, క్లాంపులు వేయాలి. క్లాంపులను మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకు బలహీనపడుతుంది. మామూలు తెల్ల జిగురు ఇక్కడ పనికిరాదు.

కొత్త కర్ర కొనేటప్పుడు చేవ ఉన్న టేకునే అడగండి. బోయిగూడ టింబర్ డిపోల్లో చిన్న ముక్కలు కూడా దొరుకుతాయి. లేత రంగులో ఉండే బయటి భాగానికి టేకు పేరు ఉన్నా చేవకు ఉండే సహజమైన మన్నిక ఉండదు. బరువు తగ్గాలని పైన్ వాడేవారు దానికి తప్పకుండా బోరాన్ పూత వేయాలి: వంద గ్రాముల బోరిక్ ఆమ్లం, నూట యాభై గ్రాముల బోరాక్స్‌ను రెండుంపావు లీటర్ల వేడినీటిలో కరిగించి, ఏ పూతా లేని చెక్క మీద రెండు మూడు సార్లు పూసి ఆరబెట్టాలి. ఇది శిలీంధ్రానికి, చెదలకు రెండింటికీ విరుగుడు. నీటిలో కరిగిపోయే లవణం కనుక ఆరిన తర్వాత, పైన తేలిన తెల్లటి పొడిని గరుకు కాగితంతో తీసివేసి, ఎపాక్సీతోనో రంగుతోనో మూయాలి. ద్రావణాన్ని పిల్లలకు అందనివ్వకండి. పడుకునే చోట చెదల మందులు మాత్రం కొట్టించవద్దు.

ప్లైవుడ్ ఎంపిక, అంచుల రక్షణ

దుకాణంలో కమర్షియల్ ప్లై అనేది సాధారణంగా ఎంఆర్ రకం, అంటే గాలిలోని తేమను మాత్రమే తట్టుకునేది. దాని జిగురు తడికి నిలవదు. పడకకు మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర, ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు సంఖ్య మూడూ పలక మీదే ఉన్నది కొనండి. ఈ ప్రమాణం ప్రకారం నమూనా ముక్క 72 గంటలు మరుగుతున్న నీటిలో ఉన్నా పొరలు విడిపోకూడదు. అయినా మెరైన్ ప్లై చివకదని అనుకోవడం పొరపాటు. ఆ పరీక్ష జిగురుకు పెట్టినది. అంచులు తెరిచి ఉంచి నెలల తరబడి తడిలో ఉంచితే లోపలి చెక్కకు మళ్లీ ముప్పే.

మందాన్ని పెంచాలన్న కోరికను అదుపులో పెట్టుకోండి. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున్న 12 మిల్లీమీటర్ల పలక సుమారు 25 కిలోలు ఉంటే, 18 మిల్లీమీటర్లది 35 నుంచి 40 కిలోలు ఉంటుంది. పాత స్ట్రట్‌లు పాత బరువుకు లెక్కకట్టి పెట్టినవి. పలక బరువు పెరిగితే అవి ఆపలేవు, పడక చేతుల్లోంచి జారి పడుతుంది. పాత మందమే ఉంచి, కింద ఒక అడ్డ కర్ర అదనంగా వేయడం తెలివైన మార్గం.

పలకను కొలతకు కోశాక, పరుపు కింద గాలి ఆడటానికి 25 మిల్లీమీటర్ల రంధ్రాలను ఇరవై సెంటీమీటర్లకొకటి చొప్పున వేయండి. బందుల వరుసకు దగ్గరగా మాత్రం వేయవద్దు. ఆ తర్వాత ప్రతి అంచుకు, ప్రతి రంధ్రపు లోపలి గోడకు ఎపాక్సీ మూడు పూతలు పడాలి. అంచు చెక్క నీటిని లాగినట్టే ఎపాక్సీని కూడా లాగుతుంది కనుక మొదటి పూత కనబడకుండా పోతుంది. అది పొరపాటు కాదు, మళ్లీ పూయండి.

ఎపాక్సీని తయారీదారు చెప్పిన పాళ్లలో చిన్న త్రాసు మీద తూచి కలపండి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే వేగం దాదాపు రెట్టింపు అవుతుంది కనుక, ఏప్రిల్ మధ్యాహ్నం మన ఊళ్లో డబ్బా మీద రాసిన సమయంలో సగం కూడా దొరకదు. లోతైన గ్లాసులో ఎక్కువ కలిపి ఉంచితే తనంత తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. ఉదయం పూట, కొద్దికొద్దిగా కలిపి, వెడల్పాటి పళ్లెంలో పరిచి వాడండి. చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే శాశ్వతమైన అలర్జీ రావచ్చు. పూత ఆరాక పైన జిడ్డులాంటి పొర కనిపిస్తే నీటితో రుద్ది కడిగి, ఆరాక గరుకు కాగితం పట్టి తర్వాతి పూత వేయండి.

బందుల రంధ్రాలు

పడవలు కట్టేవారు వాడే ఒక పద్ధతి ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. స్క్రూ వెళ్లే ప్రతి చోటా స్క్రూ లావుకు రెండింతల రంధ్రం వేసి, దాన్ని చిక్కబరచిన ఎపాక్సీతో నింపి, పూర్తిగా గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకు సరిపడే సన్నని రంధ్రం వేయాలి. అప్పుడు స్క్రూ చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది. స్క్రూ వెంట నీరు దిగినా చెక్కను తాకదు. పడక చివకడం తరచుగా మొదలయ్యేది స్క్రూ రంధ్రం దగ్గరే. కనుక ఈ ఒక్క పనికి పట్టే అదనపు రోజు అన్నివిధాలా విలువైనదే. బరువు మోసే చోట స్క్రూ కన్నా బోల్టు, వెనుక వెడల్పాటి వాషరు పెట్టడం మరింత భద్రం. బందులు, స్క్రూలు, బోల్టులు అన్నీ స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకం తీసుకోండి. మామూలు ఇనుప స్క్రూ చెమ్మ తగిలిన చెక్కలో తుప్పుపట్టి, చుట్టూ చెక్కను నల్లబరచి మెత్తబరుస్తుంది.

తిరిగి అమర్చడం

గోడ లోపలి పట్టీని కూడా కొత్త పడకకు చేసినంత శ్రద్ధగా మార్చి, ఎపాక్సీ పూసి, ముందుగా బిగించండి. గోడకు, నిలబెట్టిన పడకకు మధ్య పది మిల్లీమీటర్ల సందు ఉండేలా నైలాన్ బిళ్లలు పెట్టండి. ఆ సందులో గాలి ఆడితే ఆవిరి నీరు ఆరిపోతుంది. ఎపాక్సీ మీద ఎనామెల్ గానీ పాలీయురేథేన్ గానీ రెండు పూతలు వేసి, కిటికీ పక్క ఎండ తగిలే భాగంలో మూడో పూత కూడా వేయండి, ఎండకు ఎపాక్సీ పెళుసెక్కుతుంది. స్ట్రట్‌లు మార్చవలసివస్తే పాతదాని గొట్టంపై న్యూటన్లలో ముద్రించిన సంఖ్య, పూర్తి పొడవు రెండూ సరిపోయేవి తీసుకోండి.

ఎవరినీ పడుకోనివ్వకముందే బరువు పరీక్ష చేయండి. పడకను దించి, ఇసుక బస్తాలను ఒక్కొక్కటిగా మెల్లగా పేర్చి, ఇద్దరు పడుకునే పడక మీద 200 కిలోలు ఒక రాత్రంతా ఉంచండి. తెల్లవారి బందుల దగ్గర చీలిక, స్క్రూ కదలిక, చట్రంలో వంపు ఏదైనా కనిపిస్తే విప్పి చూడవలసిందే. పరీక్ష జరిగినంతసేపూ పడక కింద ఎవరూ కూర్చోకూడదు.

పరుపుకు, ప్లైకి మధ్య పలుచని కొబ్బరి పీచు పట్టా పరిస్తే శరీరపు చెమ్మ పలక మీద నిలవదు. రాత్రి పడుకునేటప్పుడు రూఫ్ వెంట్, దానికి ఎదురుగా ఒక కిటికీ రెండు వేళ్ల మేర తెరిచి ఉంచండి. ప్రయాణం నుంచి వచ్చాక పరుపుతో సహా పడకను మడిచి నెలల తరబడి మూసి పెట్టవద్దు. దించి, పరుపును ఒక అంచు మీద నిలబెట్టి ఉంచండి. ఏటా మే చివరి వారంలో పైకప్పు కాలువ శుభ్రం చేసి, సీలెంట్ అంచులను గోటితో లాగి చూసి, గొట్టంతో అరగంట నీటి పరీక్ష చేయండి. తొలి పెద్ద వాన మర్నాడు బందుల వరుస మీద, గోడ పట్టీ మీద తేమ మీటరు పెట్టి, వచ్చిన అంకెను తేదీతో సహా పడక అడుగున పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. తర్వాతి ఏడాది అదే చోట అంకె మూడు నాలుగు శాతం పెరిగి కనిపిస్తే, మరక పడేదాకా ఆగకుండా పైకప్పును మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టవచ్చు.